అక్క సైకిల్ తొక్కే రోడ్డు

పట్నం,
సైకిల్ యాత్రల ఆఫీసు, మేడ మీది గది,
వానలు తగ్గిన వారం

అక్కా,

మొన్నటి వానకి కొండచరియ విరిగిపడి మా పాత దారి మూసుకుపోయింది. కోట ముందు నుంచి ఏటి వెంట వెళ్లేదే, నీకు తెలుసుగా. ఆ రాళ్లు తీసేసరికి ఈ సీజన్ కాస్తా అయిపోతుందట. ఇక్కడేమో కొత్త బ్యాచ్ పేర్లు ఇచ్చేసి, హెల్మెట్లు కూడా కొనేసుకుని సిద్ధంగా ఉంది. మా మేడమ్ పొద్దున్నుంచీ నా నెత్తిమీదే ఉంది. "దారులు వెతకడానికేగా నువ్వున్నది, వెతుకు" అంటోంది. ఆవిడ అన్నదీ నిజమే. ఈ ఆఫీసులో నాకు చేతనైన పని అదొక్కటే.

మా దగ్గరకొచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో చెప్పాను కదా. ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసి విసిగిపోయినవాళ్లు. పాత కోటలు, రాతి వంతెనలు చూసుకుంటూ నెమ్మదిగా తొక్కాలి, వెనక నుంచి లారీ హారన్ వినపడకూడదు. అంతకన్నా ఏమీ అడగరు. అలాంటి రోడ్డు కనిపెట్టడానికి నాకు మ్యాపుతో పనిలేదు. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉండాలి. కుక్క అడ్డంగా పడి నిద్రపోతుండాలి. నేను దగ్గరకి వెళ్లినా లేవకపోతే ఆ రోడ్డు పాసైనట్టు. చెవులు నిక్కబొడుచుకుని చూసిందంటే అక్కడ బళ్లు తిరుగుతున్నాయని అర్థం.

ఇలా ఆలోచిస్తుంటే నీ రోడ్డు గుర్తొచ్చింది. కోట వెనక నుంచి రెండు కొండల మధ్యగా పాత వంతెన దాకా పోయేది. దాని గురించి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, మేడమ్ దగ్గర కూడా. అది నీదని నాకు తెలుసు. ఈ ఒక్క బ్యాచ్‌కే అడుగుతున్నాను. కుదరదంటే కుదరదని రాసెయ్, ఏమీ అనుకోను.

తమ్ముడు


కోట కింది ఊరు,
కుట్టుమిషన్ పక్కనుంచి

ఒరేయ్ చిన్నోడా,

ముందుగా ఒక మాట. ఫోన్లో నువ్వు పంపే ముక్కలు ఆపెయ్. అవి చదువుతుంటే ఎవరో పోయారని టెలిగ్రామ్ వచ్చినట్టుంటుంది. ఇలా ఉత్తరమే రాయి. జ్వరమొచ్చి చెవులు పోయినప్పటి నుంచి నీ గొంతు నాకు నీ అక్షరాల్లోనే వినపడుతోంది. కోడి కెలికినట్టున్నా సరే.

ఇక రోడ్డు సంగతి. నీ ఉత్తరం మీ బావకి చూపించాను. కోట గోడకి రాళ్లు పేర్చి పేర్చి వచ్చి, చేతులకి సున్నంతోనే చదివాడు. "ఇవ్వు, వాడేమన్నా మింగేస్తాడా" అన్నాడు. ఆయనకేం పోయింది, ఆయన సైకిల్ తొక్కడుగా. నేను మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాను. పెద్ద రోడ్డు మీద నేను తొక్కలేనురా. బస్సు వెనకే వచ్చి నించున్నా నాకు తెలీదు. నాకు మిగిలింది ఆ వెనక రోడ్డొక్కటే. కుట్టిన బట్టలు బుట్టలో పెట్టుకుని వంతెన అవతలి పల్లెలకి పోతాను, కొలతలు తీసుకుని వస్తాను. వచ్చేటప్పుడు దిగుడులో బ్రేకు వదిలేస్తాను, ఈ వయసులో! ఇంట్లో ఉన్నా ఎవరొచ్చారోనని తలుపు వంక చూస్తూనే ఉంటాను. ఆ రోడ్డు ఎక్కితేనే నా మెడకి కాస్త విశ్రాంతి.

సరే, తీసుకో. నీకివ్వక ఇంకెవరికిస్తాను. ఒక్క షరతు. నా చెవుల గురించి మీ వాళ్లకి చెప్పకు. చెప్పగానే నోళ్లు బార్లా తెరిచి, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చాక నేను అన్నిటికన్నా ఎక్కువగా చదివింది "అయ్యో పాపం" అనే మాటే. ఆ రోడ్డు మీద నేను సైకిల్ తొక్కే మామూలు మనిషిని. అలాగే ఉండనీ.

నువ్వూ వస్తున్నావా? వస్తే పొట్ట కాస్త తగ్గించుకుని రా. మా ఎగుడులో సైకిల్ నిన్ను మోస్తుందో, నువ్వే సైకిల్‌ని మోస్తావో చూడాలి.

అక్క


పట్నం,
అదే గది, కిటికీ బాగుచేయించారు

అక్కా,

బతికించావు. వంతెన దగ్గర మాకు ఎదురొచ్చి, నన్ను ఎరగనట్టు తలూపి వెళ్లిపోయావు చూడు, నవ్వాపుకోలేక చచ్చాను. "ఎవరండీ ఆవిడ, ఎంత దర్జాగా తొక్కుతోంది" అని మా బ్యాచ్‌లో ఒక రిటైరైన డాక్టరమ్మ అడిగింది. తెలీదన్నాను. మనసులో మాత్రం మా అక్కండీ అని అరిచాను.

రోడ్డుకి అందరూ దాసోహం. కోట వెనక ద్వారం దగ్గర గంటసేపు కదల్లేదు. పాతకాలం బళ్ల చక్రాలకి వంతెన రాళ్లు అరిగి గాడి పడింది కదా, ఆ గాడిలో వేళ్లు పెట్టి చూశారు. ఒకాయన బూట్లు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఇక ఇంటికి రానన్నాడు.

అసలు విషయానికి వస్తాను. ఈ కబుర్లన్నీ మేడమ్ చెవిన పడ్డాయి. ఈ సీజన్ అంతా ఆ దారినే నడుపుదామంటోంది, మా యాత్రల పుస్తకంలో వేయిస్తానంటోంది. కాదనలేకపోయానక్కా. సీజన్ దాటితే పాత దారి తెరుస్తారు, అప్పుడు నీ రోడ్డు నీదే. ఈలోగా నీకు ఇబ్బంది లేకుండా గట్టి రూలు పెట్టాను. మలుపులో గానీ దిగుడులో గానీ ఎవరినైనా దాటేముందు బెల్ కొట్టి తీరాలి. పాత బెల్లులు పీకించి పెద్ద ఇత్తడివి బిగించాను. కొడితే కొండ అవతలికి వినపడతాయి.

తమ్ముడు


కోట కింది ఊరు,
వరండాలోంచి

చిన్నోడా,

మీవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. మర్యాదస్తులే. వంతెన దగ్గర టీ కొట్టావిడ కొత్త కుర్చీలు వేయించింది, మొహంలో కళ వచ్చింది. మీ బావ పనిచేసే గోడ దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటున్నారట, ఆయన గడ్డం గీసుకుని మరీ పనికి పోతున్నాడు. బెల్లులు భలే మోగుతున్నాయని కూడా ఆయనే చెప్పాడు.

టీ కొట్టు దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఉండేది చూడు, నీ పరీక్ష పాసైన కుక్క. అదిప్పుడు రోడ్డు మీద పడుకోవడం మానేసింది. బల్ల కిందకి మారింది.

నేను పొద్దున్నే, మీవాళ్లు లేవకముందే వెళ్లొచ్చేస్తున్నాను. చలిగా ఉంటుంది గానీ ఫరవాలేదు. మీ బావ హ్యాండిల్‌కి అద్దం బిగించాడు. తిన్నగా ఉన్నచోట బాగానే పనిచేస్తుంది. మలుపు తిరిగానంటే అందులో కొండ, లేకపోతే నా మొహం. రెండూ చూసినవే.

సీజన్ ఎప్పుడు అయిపోతుందన్నావు? ఊరికే అడిగాను.

అక్క


కోట కింది ఊరు

బావమరిదికి,

మీ అక్క చెప్తుంటే నేను రాస్తున్నాను. ఆవిడకి కుట్టు పని ఎక్కువైంది, చేతికి తీరిక లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. రోడ్డు బాగుంది. మీవాళ్లు బాగున్నారు. ఇంకేం రాయమంటావని సైగ చేస్తే "బాగున్నామని రాయి" అంటోంది. అది ముందే రాశాను.

ఇప్పుడు ఆవిడ పెరట్లోకి వెళ్లింది. ఇక్కడి నుంచి నా మాట.

మీ అక్క పడిపోయిందిరా. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. ఆ రోజు అవతలి పల్లెలో పెళ్లిబట్టలు ఇచ్చి రావడం ఆలస్యమైంది. దిగుడులో, పెద్ద మలుపు దగ్గర, మీవాడొకడు వెనక నుంచి వచ్చాడు. బెల్ కొట్టాడట. కొట్టాను కదా తప్పుకుంటుందిలే అని బ్రేకు వేయలేదట. ఇద్దరూ గోడ పక్క కాలవలో పడ్డారు. వాడికి చర్మం గీరుకుపోయిందంతే. లేచి మీ అక్క మీద కేకలేశాడు. నేను పైన పనిలో ఉన్నాను, కేకలు విని పరుగెత్తాను. వెళ్లేసరికి ఆవిడ కింద కూర్చుని వాడి నోటి వంక చూస్తోంది. చెవులు వినపడవని చెప్పబోతే నా చెయ్యి పట్టుకుని వద్దంది. విరిగిన చేత్తోనే పట్టుకుంది.

నేను మాటలు చెప్పేవాణ్ని కాదు. నిన్ను తిట్టాలని కూడా లేదు. కానీ బెల్లులేంట్రా, నీకు బుద్ధుందా?

బావ


పట్నం,
ఇంటి నుంచి

అక్కా,

బావ రాసింది చదివాను. బావని ఏమీ అనకు.

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో. నీకింకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. నువ్వు పడ్డ సంగతి నాకు ముందే తెలుసు. నువ్వని తెలీదు. ఆ బ్యాచ్‌ని తీసుకెళ్లిన మా గైడు తిరిగొచ్చాక టీ తాగుతూ చెప్పాడు, ఎవరో పల్లెటూరావిడ బెల్ కొట్టినా తప్పుకోలేదు, చిన్న గొడవైంది అని. నేనేమన్నానో తెలుసా? "బెల్ కొట్టారుగా, ఇక మన తప్పేముందిలే" అన్నాను. అని, ఇంకో టీ తెప్పించుకున్నాను.

నీకు చెవులు వినపడవని మర్చిపోయానని ఎవరికైనా చెప్తే ఉమ్మేస్తారు. మర్చిపోలేదక్కా. నీ గురించి ఆలోచించే ఇత్తడివి కొన్నాను. కొట్టు ముందు నించుని ఒక్కోటీ మోగించి చూసి, ఇదైతే అక్కకి వినపడుతుంది అని ఏరాను. చిన్నప్పుడు నేను సందు చివర విజిల్ వేస్తే వంటింట్లోంచి వచ్చేదానివి కదా. నా బుర్రలో ఆ అక్కే ఉండిపోయింది.

ఆ దారి పుస్తకంలోంచి తీసేస్తాను. పడింది మా అక్కని చెప్పి మేడమ్‌తో నిన్ననే గొడవపడ్డాను, నీ చెవుల మాట మాత్రం ఎత్తలేదు. తీయకపోతే పని మానేస్తానన్నాను. రేపే బయల్దేరి వద్దామని బ్యాగు సర్దాను కానీ నీకెదురుగా నించోడానికి ధైర్యం చాలడం లేదు. అందుకే ముందు ఈ ఉత్తరం పంపుతున్నాను.

తమ్ముడు


కోట కింది ఊరు,
మంచం మీద కూర్చుని

చిన్నోడా,

కట్టు విప్పారు. అక్షరాలు వంకరపోతే నవ్వకు, ఇప్పుడు మనిద్దరి రాతా ఒకటే.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. రాయబోతే తెలిసింది, ఉంది. బెల్లుల గురించి కాదు. వాటి సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది, వీడి తెలివి తెల్లారినట్టే ఉందనుకున్నాను. అప్పుడే రాయాల్సింది. రాస్తే నువ్వు హడలిపోయి నా చెవుల గురించి అందరికీ చెప్పేస్తావని ఊరుకున్నాను. చెప్పొద్దన్నది నేను, బెల్ బిగించింది నువ్వు. ఇందులో సగం నాదే. నా కోపమల్లా "ఒక్క బ్యాచ్" అన్న మాట మీద. నన్నొక్క మాట అడక్కుండా సీజన్ అంతా ఒప్పేసుకున్నావు చూడు, దాని మీద. అడిగితే ఒప్పుకునేదాన్నేమో కూడా. అడగాల్సింది.

ఇప్పుడు తీసేస్తానంటున్నావు. ఎవరి కోసం? మీ పుస్తకం చూసి ఇంకో రెండు కంపెనీలవాళ్లు వస్తున్నారు, వెనకాల సామాన్ల వ్యాన్లతో సహా. మీరు మానేసినంత మాత్రాన వాళ్లు మానరు. టీ కొట్టావిడ కూతురి చదువు ఆ కుర్చీల మీదే నడుస్తోంది. నా ఒక్కదాని సైకిల్ కోసం ఊరి నోటి దగ్గర కూడు తీసేస్తావా? పని మానేసే మాట ఇంకోసారి ఎత్తావంటే చెవులు పిండుతాను.

సైకిల్ కొట్టంలో ఉంది. అవతలి పల్లెలవాళ్లే బట్టలు తెచ్చి ఇచ్చి పోతున్నారు. నాకు తిరగాల్సిన పనిలేకుండా పోయింది, మంచిదేగా.

నా ఎదురుగా నించోలేకపోతే కూర్చో. రా.

అక్క


పట్నం,
మేడ మీది గది

అక్కా,

సీజన్ అయిపోయింది. చలికి ఎవరూ కొండ ఎక్కరు. మా సైకిళ్లన్నీ గోదాములో పెట్టి తాళం వేశాను. మిగతా రెండు కంపెనీలూ మూసేశాయి, నేనే కనుక్కున్నాను. ఆ రోడ్డు మీద ఇప్పుడు ఈగ కూడా ఉండదు.

వచ్చేవారం వస్తాను, నా సైకిల్ తెచ్చుకుంటాను. నువ్వు ముందు తొక్కు. నేను వెనకాలే వస్తాను. నీ వెనక ఉన్నది నేనైతే నీకు భయమేముంది? వంతెన దాకా వెళ్లొద్దాం. కాదనకు. నీ సైకిల్‌కి గాలి కొట్టి ఉంచమని బావకి చెప్పు.

తమ్ముడు


పట్నం,
రాగానే రాస్తున్నాను

అక్కా,

ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. మీ ఎగుడు నా పొట్టని లెక్కచేయలేదు. అయినా ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లైందో.

బయల్దేరేముందు నీ సైకిల్ టైర్లు రెండుసార్లు నొక్కి చూశాను, నిజం చెప్తున్నాను. నువ్వు సైకిల్ ఎక్కుతావో లేదో అనుకున్నాను. ఎక్కావు. మొదటి మలుపు దగ్గర తిరిగి నా వంక చూసి నవ్వావు. నేను చెయ్యి ఊపాను. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ నువ్వు తిరిగి చూడటం, నేను చెయ్యి ఊపడం, నువ్వు నవ్వడం. చిన్నప్పుడు బడికి పోతూ నేను వెనకబడ్డానేమోనని ఇలాగే చూసేదానివి. మా అక్క మళ్లీ మా అక్క అయిపోయింది అనుకున్నాను. వంతెన దగ్గర నువ్వు బట్టల బుట్ట తట్టి "ఇది ఖాళీగా ఉంటే బాలేదురా" అన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెమట అని చెప్పి తుడుచుకున్నాను.

నా గుండెల మీద బండ దిగిపోయింది. మేడమ్‌కి కూడా చెప్పాను. వచ్చే సీజన్ ఆ దారి ఉంచుదాం, కానీ వచ్చేవాళ్లందరికీ ముందే చెప్పాలి, దిగుడులో ఎవరూ ఎవరినీ దాటకూడదు అని రూలు. మేడమ్ ఒక అడుగు ముందుకేసి, "మీ అక్కగారినే ముందుండి దారి చూపించమను, మన మనిషిగా" అంది. ఆలోచించు. నీ సైకిల్‌కి కొత్త బ్రేకులు, మెత్తటి సీటు కొని పంపుతాను. ఏ రంగు కావాలో రాయి.

తమ్ముడు


కోట కింది ఊరు,
కుట్టుమిషన్ పక్కనుంచి

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఊరుకుందామనుకున్నాను. వాడు హాయిగా ఉన్నాడు, ఉండనీ అనుకున్నాను. మీ బావ కూడా అదే అన్నాడు. కానీ బ్రేకులు, సీటు కొంటానంటున్నావు, మీ మేడమ్‌కి నా మాట ఇచ్చేసేలా ఉన్నావు. ఒకసారి చెప్పాల్సింది చెప్పకపోతే ఏమైందో చూశాం కదా.

సీటు కొనకు. సైకిల్ ఇచ్చేశాను. పల్లెలు తిరిగి సూదిమందు వేసే నర్సు ఉంది, ఆ అమ్మాయికి. నడిచి నడిచి కాళ్లు వాచిపోతున్నాయి దానికి. మొన్న మన గుమ్మం ముందు నుంచే తొక్కుకుంటూ పోయింది, బాగానే తొక్కుతోంది. నేను చూసి లోపలికొచ్చేశాను. మిషన్ మీద చాలా పని పేరుకుపోయింది, అది చేసుకున్నాను. తర్వాత కాసేపు ఏడ్చాను. అది కూడా రాస్తున్నాను, ఇక నీ దగ్గర దాచను.

నువ్వు ఏ తప్పూ చేయలేదు ఈసారి. నువ్వన్నట్టే రోడ్డు మీద ఈగ కూడా లేదు. మధ్యలో గడ్డి మళ్లీ మొలుస్తోంది, నేనూ చూశాను. ఆ రోడ్డు మారలేదు. మారింది నా మెడ. ఇదివరకు దాని మీద ఎక్కితే వెనక ఒక లోకం ఉందన్న సంగతే మర్చిపోయేదాన్ని. ఇప్పుడు ఏమీ లేదని తెలిసినా, వస్తున్నది నువ్వేనని తెలిసినా, ఆగలేకపోయాను. నిన్ను చూడటానికి తిరగలేదురా నేను. నీ వెనక ఇంకేమైనా వస్తోందేమోనని చూశాను. ప్రతి మలుపులోనూ. దిగుడంతా బ్రేకు పట్టుకునే దిగాను, వేళ్లు నొప్పులు పుట్టాయి. నువ్వు అంత కష్టపడి ఎక్కి వచ్చావు, ఆ ఎర్రబడ్డ మొహం చూసి నవ్వకుండా ఎలా ఉంటాను.

మీ మేడమ్‌కి నా తరఫున దండం పెట్టు. దారి ఉంచండి, రూలు కూడా ఉంచండి, అది మంచి రూలు. నువ్వు ఎప్పటిలాగే రా. మనం టీ కొట్టు దాకా నడిచి వెళ్దాం, పక్కపక్కన.

ఇంకొక్కటి. ఇది నీకు తెలియాల్సిన అవసరం లేదేమో, కానీ నేనొక్కదాన్నే మోయలేను. నువ్వు చెయ్యి ఊపిన ప్రతిసారీ నాకు ముందు గుండె జారిపోయింది, ఏదో వస్తోంది తప్పుకో అంటున్నావేమోనని. ఆ తర్వాతే నవ్వాను.

అక్క